బీమా ఏజెంటునకు ఎంత చదువు కావలెను?



ఈ దినమున నేను మీతో ముచ్చటింపబూనిన విషయము చూచుటకు చిన్నది. మన గడపకు వచ్చి జీవితబీమా చేయించు ఏజెంటునకు లైసెన్సు ఇయ్యవలెనన్న అతనికి ఎంత చదువు ఉండవలెను? కళాశాల పట్టము ఉండవలెనా? పదవ తరగతి చాలునా? అంతకంటె తక్కువ చదివినవానికిని ఇయ్యవచ్చునా? ఇది కచేరీలలో తేల్చుకొనవలసిన చిక్కు, పల్లెవారమైన మనకేల అని మీరనుకొనవచ్చును. కాని ఈ కొలతను ఒక మెట్టు పెంచినను, ఒక మెట్టు దించినను, దాని ఫలము మొట్టమొదట కనబడునది దివిసీమ రేవుపల్లెలలోను, గుడివాడ ప్రాంతపు వరిచేల గట్లమీదను. కావున బందరు, గుడివాడ, దివిసీమల చరిత్రనే సాక్షిగా నిలిపి ఈ ప్రశ్నను విచారించెదను.

మొదట మన సీమ సంగతి. కృష్ణానది పులిగడ్డకడ చీలి, పాయల నడుమ దివిసీమను దీవిగా నిలిపి సముద్రమున గలియుచున్నది. ఎగువనుండి ఏటివరద, దిగువనుండి కడలిపొంగు. ఈ రెంటి నడుమ మనము పంట పండించుకొనుచున్నాము. 1855 నాటికి బెజవాడకడ ఆనకట్ట పూర్తియై, కాలువలు పాఱి, బందరు గుడివాడల మెట్టనేలలు మాగాణులయ్యెను. నేలవిలువ పెరిగెను. నేలవిలువతోపాటు అప్పును పెరిగెను. ఆ యప్పు తీర్చు యజమాని ప్రాణముమీదనే ఇల్లెల్ల నిలిచెను.

ఆ ప్రాణమునకు ఇచ్చట ఎంత భద్రత కలదో మనకు సముద్రమే రెండు పర్యాయములు చెప్పినది. 1864వ సంవత్సరము నవంబరు 1వ తేదీ రాత్రి ఉప్పెన బందరు పట్టణముమీద పడి ఇంచుమించు 30,000 మందిని పొట్టనబెట్టుకొనెను. మఱల 113 ఏండ్లకు, 1977వ సంవత్సరము నవంబరు 19వ తేదీని, దివిసీమపై అట్టి ఉప్పెనయే వచ్చెను. సుమారు 10,000 మంది మరణించిరి. సొర్లగొంది వంటి తీరపు పల్లెలు తుడిచిపెట్టుకొనిపోయెను. నాడు దేశము నలుమూలలనుండియు బియ్యము, బట్టలు, ధనము వచ్చెను. సాయము చేసిన ప్రతి చేతికిని మనము కృతజ్ఞులము. కాని ఒక భేదమును గమనింపుడు. సాయము దయవలన వచ్చును. బీమా హక్కువలన వచ్చును. సాయము వార్తలో ఉన్నన్నాళ్లు వచ్చును. బీమా సొమ్ము, కాగితములు సరిగనున్నచో, ఒక్క యింట ఒక్కడు చచ్చినను వచ్చును. పెద్ద ఉప్పెనకు లోకము కన్నీరు పెట్టును; పాము కఱచి పోయిన ఒంటరి కూలివాని భార్యకై ఏ నగరమునుండియు బండ్లు కదలవు. అట్టి యిల్లాలికి హక్కుగా నాలుగు రూకలు చేర్చునది బీమాయే. మఱి ఆ బీమాను ఆ గుడిసెకు తీసికొనిపోవు మనుష్యుడు ఎవడు? అసలు ప్రశ్న ఇదియే.

మన దేశమున బీమా తొలుత దొరల సొత్తు. 1818లో కలకత్తాలో వెలసిన ఓరియంటల్ కంపెనీ ముఖ్యముగా ఐరోపావారి కుటుంబములకై పుట్టినది. దేశీయుల ప్రాణమును ఐరోపావారి ప్రాణముతో సమానమైన రేటుకు బీమా చేయు పద్ధతిని బొంబాయి మ్యూచువల్ సంఘము 1870 ప్రాంతమున తెచ్చెను. 1906లో మద్రాసున యునైటెడ్ ఇండియా కంపెనీ పుట్టెను. పిమ్మట మన వంతు వచ్చెను. బందరులో వైద్యవృత్తి చేసి, దానిని విడిచి దేశసేవకు దిగిన డాక్టరు భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు 1923లో ఆంధ్రా బ్యాంకును, 1925లో ఆంధ్రా ఇన్సూరెన్సు కంపెనీని, 1935లో హిందూస్థాన్ ఐడియల్ ఇన్సూరెన్సు కంపెనీని స్థాపించిరి. రైతు సొమ్ము రైతుసీమలోనే ఉండి, రైతునకే అక్కఱకు రావలెనన్నది వారి తలంపు. రేవు వ్యాపారము క్షీణించిన బందరు, ఈ సంస్థలవలన తెలుగువారి ధనవ్యవహారములకు మఱల ఒక కేంద్రమయ్యెను.

కాని బందరులో కంపెనీ పెట్టుట వేఱు, బందరునుండి నాగాయలంకకు పాలసీ చేర్చుట వేఱు. నాడు కాలువపడవ, బల్లకట్టు, కాలినడక, ఇవియే దారులు. కంపెనీ దరఖాస్తులు ఇంగ్లీషులో ఉండెడివి. మన పల్లెలలో తెలుగక్షరము వచ్చినవారే అరుదు. 1951 జనాభా లెక్కలలో దేశమంతటను అక్షరాస్యులు నూటికి 18.33 మంది మాత్రమే, స్త్రీలలో 8.86 మంది. అట్టి కాలమున ఏజెంటునకు ఉన్నత పాఠశాల పరీక్ష తప్పనిసరి యని శాసించి యుండినచో, దివిసీమలోని పెక్కు ఊళ్లకు ఆ పనికి తగినవాడు ఒక్కడైనను దొరకి యుండడు. బందరు నోబుల్ కాలేజీలో చదివిన యువకుడు వకీలగును, గుమాస్తాయగును. హంసలదీవి ఇసుకలో నడచి పదిరూపాయల కిస్తు వసూలు చేయుటకు రాడు.

ఆనాటి చట్టకర్తలు ఈ సంగతి నెఱిగియే యుందురు. 1938 బీమా చట్టము 1939 జూలై 1వ తేదీనుండి అమలునకు వచ్చెను. ఏజెంటునకు లైసెన్సు ఉండితీరవలెనని 42వ విభాగము నిర్ణయించెను. ఎవరికి ఈయరాదో కూడ చెప్పెను. మైనరునకు ఈయరాదు. మతి స్థిమితము లేనివానికి ఈయరాదు. నమ్మకద్రోహము, మోసము, దొంగదస్తావేజు మొదలగు నేరములకు శిక్షపడినవానికి ఈయరాదు. ఆ నిషేధముల పట్టికలో చదువు లేనివాడు అను మాట లేదు. ఇది మఱపుచే జారిన మాట యని నేననుకొనను. ఇతరుల సొమ్ము చేతబట్టువానికి మొదట ఉండవలసినది నడవడి యని ఆ చట్టము భావించెను. మన పెద్దలును కుప్పకు కాపు పెట్టునపుడు అతని చదువు నడుగలేదు. చేయి శుద్ధమా కాదా యని అడిగిరి.

నా చిన్ననాట మా పల్లెలో అట్టి ఏజెంటు ఒకరుండిరి. వీధిబడిలో అయిదు తరగతులు చదివి, చిల్లరకొట్టు పెట్టుకొని, దానితోపాటు బీమా పని చూచుచుండెడివారు. పేరు చెప్పను. ఇంగ్లీషు దరఖాస్తును ఆయన చదువలేరు. ఏ గడిలో ఏమి వ్రాయవలెనో మాత్రము కంఠతా నెఱుగుదురు. ఊరిలో ఎవడు ఏ వరదయేట పుట్టెనో ఆయనకు తెలియును గనుక వయస్సు దాచుట ఆయనయెదుట సాగదు. ఒకమాఱు ఒక రైతు దగ్గుచు పాలసీ అడుగవచ్చెను. “నాయనా, ముందు బందరు పోయి రొమ్ము చూపించుకొనుము. జబ్బు దాచి పాలసీ పుచ్చుకొన్నచో నీ పెండ్లామునకు రూక దక్కదు, నాకు పాపము దక్కును” అని ఆయన పలికిన పలుకులు నేను చెవులార వింటిని. బీమా శాస్త్రము యొక్క సారము ఆ రెండు వాక్యములలో ఉన్నదని పెద్దవాడనై చట్టము చదివిన పిమ్మట నాకు బోధపడెను.

అయినను తలుపు తెఱచి యుండిన ఆ కాలమున అంతయు మంచియే జరిగెనని చెప్పుట సత్యము కాదు. మొదటి యేటి కమీషను తరువాతి యేండ్ల కమీషనుకంటె మిక్కిలి హెచ్చుగా నుండుటచే, పాలసీ కట్టించి మఱల కనబడని ఏజెంట్లు తయారైరి. తన కమీషనులో కొంత తిరిగి ఇచ్చెదనని ఆశపెట్టువారు బయలుదేఱిరి. 1938 చట్టపు 41వ విభాగము దీనిని నిషేధింపవలసి వచ్చెను. పేరునకు ఏజెంట్లయి పెత్తనము మాత్రము చేయు ప్రధాన ఏజెన్సీలను 1950 సవరణచట్టము రద్దుపఱచెను. కొన్ని కంపెనీలు దివాలా తీసెను. 1956 జనవరి 19వ తేదీని ప్రభుత్వము జీవితబీమాను తన యధీనము చేసికొని, అదే సంవత్సరము సెప్టెంబరు 1వ తేదీని జీవితబీమా కార్పొరేషనును నెలకొల్పెను. 245 సంస్థల వ్యాపారము ఒక్క గొడుగు క్రిందకు వచ్చెను. బందరు కంపెనీల జీవితబీమా పనియు అందు కలిసెను. నేటికిని బందరున ఆ కార్పొరేషను డివిజనల్ కార్యాలయము ఉన్నది.

ఇచ్చట ఒక్క నిమిషము ఆగి యోచింపుడు. నేను చెప్పిన ఆ దోషములలో చదువు తక్కువగుటవలన పుట్టినది ఏది? కమీషను పంచి ఆశపెట్టుట చదువురానివాని దోషమా? పేరునకు ఏజెన్సీ పెట్టి కూర్చుండుట అయిదవ తరగతివాని పనియా? కంపెనీల సొమ్ము తారుమాఱు చేసినవారు లెక్కలు రానివారా? ఆ తప్పులు ఆశవలనను, అదుపు లేమివలనను పుట్టినవి. రోగము ఒకచోట ఉండగా మందు మఱియొకచోట రాచిన ఫలమేమి?

తరువాతి ఘట్టము 2000వ సంవత్సరమున వచ్చెను. 1999 చట్టముచే బీమా నియంత్రణ సంస్థ ఏర్పడి, ప్రైవేటు కంపెనీలకు మఱల తలుపు తెఱువబడెను. ఆ సంస్థ 2000లో ఏజెంట్ల లైసెన్సు నిబంధనలను చేసెను. 5,000 జనాభాయు అంతకు మించియు గల ఊరివాడు పండ్రెండవ తరగతి, అనగా ఇంటర్మీడియటు, ప్యాసు కావలెను. అంతకు తక్కువ జనాభాగల ఊరివానికి పదవ తరగతి చాలును. వీరు తొలిసారి లైసెన్సు పొందుటకు 100 గంటల శిక్షణ పొంది పరీక్ష వ్రాయవలెను. 2007లో ఆ శిక్షణ 50 గంటలకు తగ్గింపబడెను.

ఈ నిబంధనలో ఒక మంచియు ఒక చిక్కును కలవు. శిక్షణను పరీక్షను తప్పనిసరి చేయుట మంచి. చిన్న పల్లెకు సడలింపు నిచ్చుటయు మంచియే; పల్లెలో చదివినవారు తక్కువ, పల్లెకు ఏజెంటు కావలెను అను సత్యమును చట్టము ఒప్పుకొన్నది. కాని చిక్కు చూడుడు. కాలువకు ఈ గట్టున 4,900 మంది గల ఊరు, ఆ గట్టున 5,100 మంది గల ఊరు ఉన్నవనుకొందము. ఇద్దఱు యువకులు ఒకే బడిలో పదవ తరగతి ప్యాసైరి. ఈ గట్టువాడు ఏజెంటగును. ఆ గట్టువాడు కాజాలడు. పాలసీ ఒక్కటే, కాగితము ఒక్కటే, చావు ఒక్కటే. అర్హత మాత్రము రెండు విధములు. పైగా అవనిగడ్డ, చల్లపల్లి వంటి పెద్దయూళ్లలోను చదువు తక్కువైన వాడలు కలవు. బందరు, గుడివాడ పట్టణముల పేటలలో రిక్షాలాగువారు, కొట్టులో కూలిచేయువారు కలరు. వారివద్దకు పోదగినవాడు వారిలోనివాడే. ఊరి జనసంఖ్య పెద్దదైనంత మాత్రమున వాని పొరుగింటివాని చదువు పెద్దది కాదు.

ఈ చిక్కును కొంతవఱకు విప్పినది 2005 సూక్ష్మబీమా నిబంధన. పేదవారికై 5,000 మొదలు 50,000 రూపాయల వఱకు గల చిన్న జీవితబీమా పాలసీలను ప్రత్యేకముగా ఏర్పఱచి, వానిని స్వచ్ఛంద సంస్థలును, స్వయంసహాయక సంఘములును, సూక్ష్మఋణ సంస్థలును అమ్మవచ్చునని అది పలికెను. ఆ పని చేయువారికి తరగతుల కొలత పెట్టలేదు. దానికి మాఱుగా మూడు ఏర్పాట్లు చేసెను. మొదటిది, కంపెనీ తన ఖర్చుతో కనీసము 25 గంటల శిక్షణ ఇయ్యవలెను. రెండవది, ఆ శిక్షణ స్థానిక భాషలో జరుగవలెను. మూడవది, శిక్షణలో అమ్ముటయే కాక, పాలసీదారునకు సేవ చేయుటయు, క్లెయిము నడపుటయు నేర్పవలెను. జీవితబీమాలో ఏటేట కట్టు ప్రీమియముపై కమీషను 20 శాతము వఱకు ప్రతి యేడును ఒకే రీతిగా ఉండునట్లు చేసెను. దీని అర్థమేమి? ఏజెంటు మొదటి యేటనే పండిన పంట కోసికొని పోడు. ఏటేట ఆ గడప త్రొక్కిననే వానికి కూడు. కమీషను రీతిని ఇట్లు మార్చుట, డిగ్రీ అడుగుటకంటె పాలసీదారునకు ఎక్కువ రక్ష.

మన ఆంధ్రదేశమున ఈ మార్గమునకు డ్వాక్రా సంఘముల స్త్రీలు దృష్టాంతము చూపిరి. 2007లో ఆరంభమైన ఆమ్ ఆద్మీ బీమా పథకమున ఏడాదికి 200 రూపాయల ప్రీమియమును కేంద్ర రాష్ట్ర ప్రభుత్వములు చెఱిసగము భరించెను. భూమిలేని గ్రామీణ కుటుంబపు యజమాని సహజముగా చనిపోయినచో 30,000, ప్రమాదమున చనిపోయినచో 75,000 రూపాయలు ఇచ్చుట ఏర్పాటు. మన రాష్ట్రమున మహిళా సమాఖ్యలు బీమామిత్రలను నియమించెను. మరణవార్త తెలియగనే బీమామిత్ర ఆ యింటికి పోయి, కర్మఖర్చులకు తక్షణ సహాయముగా 5,000 రూపాయలు చేతబెట్టి, మిగిలిన సొమ్మునకు కావలసిన పత్రములను సమకూర్చెడిది. ఆమె పండితురాలు కానక్కఱలేదు. చావింట కూర్చుండి ఏడ్చు స్త్రీతో ఏ మాట అనవలెనో, ఏ మాట అనరాదో ఎఱిగిన పొరుగుది కావలెను. పట్టణపు పట్టభద్రుడు ఆ గడపయొద్ద చేయలేని పనిని ఆమె చేసినది.

2015లో చట్టము మఱల మాఱెను. నియంత్రణ సంస్థ ప్రతి ఏజెంటునకు లైసెన్సు ఇచ్చు పద్ధతి పోయి, కంపెనీయే ఏజెంటును నియమించు పద్ధతి వచ్చెను. ఏజెంటు చేసిన పనులకును, చేయక విడిచిన పనులకును కంపెనీయే జవాబుదారి యనియు, నియమములు మీఱినచో కోటి రూపాయల వఱకు దండుగ కట్టవలసి యుండుననియు చట్టము పలికెను. 2024 డిసెంబరు 9వ తేదీని జీవితబీమా కార్పొరేషనువారు బీమా సఖి పథకమును ఆరంభించిరి. పదవ తరగతి ప్యాసైన 18 మొదలు 70 ఏండ్ల లోపు స్త్రీలను ఏజెంట్లుగా తీర్చి, నియమిత లక్ష్యములకు లోబడి మొదటి యేడు నెలకు 7,000, రెండవ యేడు 6,000, మూడవ యేడు 5,000 రూపాయల భృతి ఇచ్చుట ఆ పథకము. 1951లో నూటికి 9 మందియైన చదువురాని స్త్రీజాతికి నేడు ఇట్టి పిలుపు వచ్చుట చిన్న మాఱ్పు కాదు. దివిసీమలో పది ప్యాసై, పెండ్లియై, కాలేజీకి పోలేక ఇంటనున్న కోడలిని తలంచుకొనుడు. ఆమెకు ఇంటర్మీడియటు అడిగినచో తలుపు మూసినట్లే. పది చాలునన్నచో ఊరు విడువకుండ, పిల్లల విడువకుండ ఒక వృత్తి దొరకినట్లు.

ఈ అనుభవము మన దేశమునకు మాత్రమే చెందినది కాదు. ఇంగ్లండులో ప్రుడెన్షియల్ కంపెనీ 1854లో కార్మికులకై వారపు బీమా మొదలిడెను. దాని ఏజెంట్లు ప్రతి వారమును ఇల్లిల్లు తిరిగి ఒక పెన్నీ రెండు పెన్నీలు వసూలు చేసెడివారు. ఆ విధముగా గనికూలి, నేతకూలి ఇండ్లకు బీమా చేరినది. ఏజెంటు ఆ వీధివారికి పరిచితుడై, వారమువారము కనబడుటయే దానికి బలము. 1875లో అమెరికాలో న్యూవార్కు నగరమున ఇట్టి పద్ధతియే మొదలయ్యెను. బీమా పేదవానిని చేరినచోట నెల్ల పేదవాని భాష మాటలాడు ఏజెంటు కనబడును.

ఇపుడు మీలో కొందఱికి ఒక సందేహము కలుగవచ్చును. “వైద్యునకు చదువు అడుగుదుము, వకీలునకు అడుగుదుము, బీమా ఏజెంటునకు సడలించిన ప్రమాదము కాదా? ఇప్పటికే తప్పుడు మాటలు చెప్పి పాలసీలు అంటగట్టువారు లేరా?” అని. సందేహము న్యాయమైనదే. కావున ఏజెంటు చేయవలసిన పనులను విడదీసి చూతము. వయస్సు నిజము వ్రాయించుట ఒకటి. ఉన్న జబ్బు దాచకుండ చెప్పించుట రెండు. నామినీ పేరు సరిగ వ్రాయించుట మూడు. ఇంటివాడు ఏడాదికి ఎంత కట్టగలడో అంతకే పాలసీ చేయించుట నాలుగు. గడువు తప్పకుండ కట్టించుట అయిదు. చావు వచ్చినపుడు క్లెయిము ఇప్పించుట ఆఱు. ఈ ఆఱింటికి చదువను వ్రాయను, కొంత కూడికలు తీసివేతలు చేయను రావలెను. బీమా రేట్లు కట్టు గణితము కంపెనీలోని పండితులు చూచుకొందురు. అది ఏజెంటు పని కాదు.

అయితే ఈ ఆఱు పనులలో ఒక్కటి తప్పినను ఒక యిల్లు కూలును. 1938 చట్టపు 45వ విభాగము ప్రకారము, పాలసీ తీసికొన్న కొలదికాలములోనే మరణము సంభవించినచో కంపెనీ దరఖాస్తులోని మాటలను మఱల విచారింపవచ్చును. మొదట ఆ గడువు రెండేండ్లు. 2015నుండి అది మూడేండ్లయ్యెను. మూడేండ్లు నిండిన పాలసీని ఏ కారణముచేతను ప్రశ్నింపరాదు. జబ్బు దాచుమని చెప్పిన ఏజెంటు ఆ మూడేండ్ల లోపల ఒక విధవను నడివీధిలో నిలబెట్టినవాడగును. కావున నేను సడలింపుమనుచున్నది బడిపట్టా కొలతను మాత్రమే. శిక్షణను సడలింపరాదు. పరీక్షను సడలింపరాదు, దానిని తెలుగున పెట్టవలెను, అంతే. నడవడి విచారణను అసలే సడలింపరాదు. ఇంటర్మీడియటు ప్యాసైన పట్టా, పదునెనిమిదేండ్ల వయస్సున వాడు రసాయనశాస్త్రము చదివెనని చెప్పును. ముప్పదియైదేండ్ల వయస్సున పరుల సొమ్ము ఎట్లు పట్టునో చెప్పదు.

సడలింపువలన కలుగు మేళ్లను నేను నాలుగుగా లెక్కింతును. ఒకటి, బీమా పోని వాడకు బీమా పోవును. బెస్తపల్లెకు బెస్తవాడు, చేనేత పేటకు నేతవాడు, కూలివాడకు కూలియిల్లాలు పోయి చెప్పగలరు. రెండు, పట్టా లేని బుద్ధిమంతులకు ఊరిలోనే గౌరవమైన జీవనము దొరకును. మూడు, ఏజెంటు ఊరివాడగుటచే తప్పించుకొనలేడు. మోసము చేసినచో మఱునాడు రచ్చబండకడ మీ యెదుట నిలువవలెను. పట్టణపు ఏజెంటును మీరెచ్చట వెదకెదరు? నాలుగు, ఉప్పెన వంటి యాపదలో ఇల్లు కొట్టుకొనిపోయినపుడు పాలసీ కాగితమును పోవును. అపుడు ఎవరికి పాలసీ ఉన్నదో, నామినీ ఎవరో, శవమును గుర్తించిన సాక్షి ఎవరో చెప్పగలవాడు ఆ యూరి ఏజెంటే. అతడు కంపెనీకి రెండవ ఖాతాపుస్తకము. ఆ నాలుగవ మేలు ఇతర సీమలకు అంతగా తట్టకపోవచ్చును. 1977ను చూచిన మనకు తట్టకపోదు.

కడపట గ్రామపెద్దలైన మీకు నా మనవి. చట్టము తలుపు తెఱచినను, ఆ తలుపులోనుండి ఎవరు లోనికి రావలెనో చూచుట మీ చేతిలో ఉన్నది. మీ యూర పదవ తరగతి ప్యాసై పని లేక యున్న నెమ్మదస్తుడైన కుఱ్ఱవాని, సంఘపు లెక్కలు తప్పక వ్రాయు కోడలిని ఈ పనికి ప్రోత్సహింపుడు. ఏజెంటు మీ గడపకు వచ్చినపుడు అతని పట్టా యడుగుటకు ముందు నాలుగు మాటలు అడుగుడు. నీ నియామకపత్రము చూపుము. నేనీ పాలసీ మూడవ యేట మానుకొన్నచో నాకు తిరిగి వచ్చునదెంత? దరఖాస్తులో వ్రాసినది తెలుగున చదివి వినిపింతువా? మేము చనిపోయిన పిమ్మట మా వారు ఎవరియొద్దకు రావలెను? ఈ నాలుగింటికి తడబడక, దాపరికము లేక సమాధానము చెప్పినవాడు మీకు తగిన ఏజెంటు. చెప్పలేనివానికి ఎంత చదువున్నను, దరఖాస్తుపై చేవ్రాలు చేయకుడు. ప్రీమియము కట్టిన ప్రతి పర్యాయమును రసీదు పుచ్చుకొని, పాలసీ సంఖ్యను ఇంటి గోడపైననో, పంచాంగపు వెనుకనో వ్రాసియుంచి, ఇంటి ఆడవారికి చెప్పియుంచుడు.

నూఱేండ్ల క్రిందట బందరున కొందఱు దూరదృష్టిగల పెద్దలు కంపెనీ నెలకొల్పి బీమాను తెలుగువాని చేతికి తెచ్చిరి. దానిని పల్లెగుడిసె చేర్చిన పుణ్యములో, ఇంగ్లీషు రాకపోయినను కాలువగట్లవెంట నడచిన పేరులేని ఏజెంట్లకును భాగము కలదు. అట్టివారికి తావు లేకుండ చట్టము చేయుట ఏ కాలమునందును ఈ సీమకు మేలు కాదని మనవి చేయుచు, నా ప్రసంగమును ముగించుచున్నాను.